సగం మాత్ర

మా మేనత్త బట్టల కార్ఖానాలో కటింగ్ మాస్టర్. బల్లమీద నలభై పొరల గుడ్డ పరిచి కోత మిషన్ నెట్టిందంటే అడుగు ముక్కకీ పై ముక్కకీ నూలుపోగంత తేడా ఉండదు. ఆమె కోత వంకర పోయిందని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

ఒళ్ళు పెరిగి, షుగరొచ్చి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే స్థితికి వచ్చాక పొట్ట చిన్నది చేసి పేగుకి కలిపే ఆపరేషన్ చేయించుకుంది. ఏడాదిలో నలభై కిలోలు తగ్గింది. పాత జాకెట్లన్నీ తనే విప్పి కుట్టుకుంటూ మురిసిపోయేది.

పొగ తాగొద్దని, నొప్పి మాత్రలు వేసుకోవద్దని ఆసుపత్రి వాళ్ళు కాగితమ్మీద రాసిచ్చారు. పొగ జోలికి ఆమె ఏనాడూ పోలేదు. మాత్రల దగ్గరే వచ్చింది చిక్కంతా. ఆ కార్ఖానాలో సాయంత్రం టీతోపాటు నొప్పి మాత్రల డబ్బా కూడా బల్ల చుట్టూ తిరుగుతుంది. రోజంతా మిషన్ నెట్టిన భుజాలాయె. అక్కడే అత్త అతితెలివి కొంప ముంచింది. మనిషి కొలత తగ్గితే గుడ్డ తగ్గించి కోస్తాం కదా, పొట్ట తగ్గింది కాబట్టి మాత్రా తగ్గిస్తే సరిపోతుందనుకుంది. కత్తెరతో సరిగ్గా మధ్యకి కోసి, రోజూ సగం వేసుకునేది.

రెండో ఏడాది, ముద్ద మింగితే చాలు మంట, వాంతులు. ఆసుపత్రిలో నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూస్తే, చిన్నపొట్టకీ పేగుకీ వేసిన అతుకు దగ్గర పుండు. షుగరున్నవాళ్ళకి, పొగతాగే వాళ్ళకి, కడుపులో ఒకరకం క్రిమి చేరినవాళ్ళకి ఈ ముప్పు ఎక్కువట. పరీక్షలో క్రిమి లేదని తేలింది. మాత్రలేమైనా వేసుకుంటున్నావా అని డాక్టరమ్మ అడిగింది. సగమేగా అంది అత్త. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

"సగమైనా అదే పుండమ్మా. మాత్ర మానకపోతే చిల్లు పడుతుంది. అప్పుడు మళ్ళీ కోయాలి" అంది డాక్టరమ్మ.

మాత్ర మానేస్తే నలభై పొరలు నెట్టే బలం భుజానికి లేదు. ఆ మాట బయటికి అంటే బల్ల ఇంకొకరికి పోతుంది. ఇరవైరెండేళ్ళలో నొప్పి అన్నమాట ఆ గదిలో ఆమె నోట రాలేదు. మర్నాడు ఓనరుని బల్ల దగ్గరికి పిలిపించి, అందరూ వింటుండగా చెప్పింది.

"నాకు భుజం నొప్పండి. మాత్ర వేసుకుంటే కడుపులో పుండు పడుతోంది. ఇకనుంచి ఇరవై పొరలే కోస్తాను. కుదరదంటే ఇప్పుడే చెప్పండి, వెళ్ళిపోతాను."

పక్కబల్ల పెద్దాయన గొంతు సవరించుకుని, "నాకూ నొప్పేనండి" అన్నాడు. ఆ వెనకబల్ల ఆమె కూడా అదే అంది. ముగ్గురు మాస్టర్లూ ఒక్కమాటమీద నిలబడేసరికి ఓనరు దిగొచ్చాడు.

పుండు మానడానికి మందులు మూడు నెలలు క్రమం తప్పకుండా వాడింది. మళ్ళీ గొట్టం వేసి చూసి, పూర్తిగా మానిందన్నారు. ఇప్పుడు ఆ కార్ఖానాలో ఎవరూ ఇరవై పొరలకి మించి పరవరు. ఎవరి భుజాల నొప్పి వాళ్ళకి ఎప్పటినుంచో ఉంది. నోరు విప్పి అడిగింది మాత్రం మా అత్తే.