కళ్ళజోడు తీసి చెప్పే కవిత

మేముండే ఎడిసన్ ఊరి లైబ్రరీలో, కఠినమైన మతనియమాల ప్యూరిటన్ శాఖకి చెందిన ఒక కవయిత్రి గురించి చెప్పే మేడమ్‌ని తలుచుకుంటే ఇప్పటికీ కుళ్ళుకుంటాను. ఆవిడ రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్, మన తెలుగావిడే. తెల్లవాళ్ళు అమెరికాకి వలసొచ్చిన కాలంనాటి ఆ కవయిత్రి ఇంటినిండా పిల్లలతో, చలితో వేగుతూనే రాసిందట. ఊరెళ్ళిన మొగుడి కోసం రాసిన కవిత దగ్గరికి రాగానే మేడమ్ కళ్ళజోడు తీసేసేవారు. పుస్తకం చూడకుండా, వెనక వరసలో ఆవిడ కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న భర్తకేసి తిరిగి చెప్పేవారు. ఆయన తలొంచుకుని నవ్వుకునేవారు.

"మొగుణ్ణి మరీ ప్రేమిస్తే దేవుడికి కోపమొస్తుందని ఆ రోజుల్లో భయమమ్మా. అయినా రాసేసింది. నీకేం భయం?" అని ఓసారి నన్నే అడిగారు.

నాకు ఒళ్ళు మండింది. ఎక్కడో దూరాన చాండ్లర్ ఊళ్ళో ప్రాజెక్ట్ చేస్తున్న మా ఆయనకీ నాకూ నడిచే మెసేజ్‌లన్నీ కరెంటు బిల్లు, బాబు స్విమ్మింగ్ క్లాసు గురించే. బయటికొచ్చి కార్లో కూర్చుని, పంతంకొద్దీ "నువ్వు బాగా గుర్తొస్తున్నావ్" అని పంపాను.

వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమైంది? బాబు ఓకేనా? నీ జాబ్‌కేమైనా ప్రాబ్లమా?"

అద్దంలోంచి చూస్తే, పార్కింగ్‌లో మేడమ్ భర్త ఆవిడకి కోటు తొడుగుతున్నారు.

"ఏం లేదు. కార్ సర్వీసింగ్‌కి ఇవ్వాలి, ఎక్కడ బుక్ చేయను?" అన్నాను.