దండ వేసిన ఫొటోగారి ఓటు

ఆ రోజుల్లో జూబ్లీహిల్స్ కొండల మీద పొద్దున పూట పొగమంచు ఉండేది. అది నిజమైన మంచో, పక్క బండల దగ్గర ఎవరో సినిమా పాట కోసం వదిలిన పొగో తేల్చి చెప్పడం కష్టం. ఈ కథ ఆ పొగలోంచే నడిచి వస్తుంది కనుక ముందే మనవి చేస్తున్నాను. ఇందులో ఒక మరణం ఉంది. పోయినవాడు తిరిగి రావడం ఉంది. భర్త కోసం యమదూతను నిలదీసిన ఇల్లాలు ఉంది. కొండ మీద, జనం అందరి ఎదుటా జరిగిన ఆఖరి విచారణ ఉంది. తాళపత్రాల మీద రాయాల్సినంత సరుకు. (ఇక్కడ ఎవరో శంఖం ఊదినట్టు ఊహించుకోండి.) అబ్బే, అంతేమీ లేదు. ఓటర్ల జాబితా సవరణ. ఆ యమదూతను నేనే, అప్పటికి నాకింకా ప్రొబేషన్ కూడా పూర్తి కాలేదు.

తొంభైల నాటి సంగతి. మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కో కుటుంబమే సామాన్లు సర్దుకుని ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల దిగుతున్న కాలం. జాబితాలో పేర్లు చేర్చే పని కొందరికిచ్చారు. నాకు తీసేసే పని ఇచ్చారు. చనిపోయినవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, రెండు చోట్ల పేరున్నవాళ్లు, వీళ్లందరి ఇళ్లకూ వెళ్లి విచారించి రావాలి. తోటి ఉద్యోగులు ఆ కొండలెక్కలేక తప్పించుకున్నారు గానీ, నేను మాత్రం లోలోపల మురిసిపోయాను. నాకు సినిమాలకు డైలాగులు రాయాలని ఉండేది. ఏ తలుపు తట్టినా లోపల్నుంచి ఒక నిర్మాత బయటికొచ్చి, "ఇన్నాళ్లూ ఎక్కడున్నావు బాబూ" అంటాడని ఊహ. ఎక్కువగా కుక్కలు వచ్చేవి. ఒకసారి బండల నడుమ తులసికోటతో సహా ముచ్చటైన పెంకుటిల్లు కనిపిస్తే, నంబరు లేదేమిటా అనుకుంటూ తలుపు తట్టాను. ఎవరూ పలకలేదు. తోస్తే తెరుచుకుంది. లోపల ఇల్లు లేదు, ఆకాశం ఉంది. వెదురు బొంగులకు ఆనించి నిలబెట్టిన గోడ అది. ఆ తలుపులోంచి కాసేపు ఆకాశాన్నే చూసి, అలవాటు కొద్దీ "ఇంట్లో ఎవరూ లేరు" అని రాసుకుని వచ్చేశాను.

మా పై అధికారిని మేము ఎర్రసిరా సారు అనేవాళ్లం. పేరు కొట్టేసేటప్పుడు ఎర్ర పెన్ను మూత ఎంతో నెమ్మదిగా తీసేవాడు, పూజకు కూర్చున్నట్టు. మొదటి రోజే నాకు ఉపదేశం చేశాడు.

"ఇగో తమ్మీ, సచ్చిపోయినోళ్ల గురించి ఫికర్ చెయ్యకు. వాళ్లొచ్చి అడగరు. బతికున్నోణ్ని కొట్టేసినవనుకో, వాడొస్తడు. పెండ్లాన్ని తోలుకొని వస్తడు."

వారం తిరక్కుండానే షేక్‌పేట నుంచి ఒక ఇంటి ఓనరు వచ్చాడు. ఫిల్మ్‌నగర్ వాలులో ఆయనకొక చిన్న ఇల్లుంది, కిరాయికిచ్చాడు. అందులో ఉండే పెద్దమనిషి చనిపోయాడు, పేరు తీసేయమని అభ్యంతరం రాసిచ్చాడు. మంచి మనిషే. పోయినవాళ్ల పేరు మీద ఇంకెవరో ఓటేస్తారేమోనని ఆయన బెంగ.

"మీరు చూశారా అండీ?" అన్నాను.

"నా కండ్లతోటి చూసిన. ఇంట్ల ఫొటోకు దండ ఏసున్నది. ముంగట ఊదుబత్తీలు. గా తల్లిని ఏమడుగుతం? నోరు రాలే, ఎనుకకు మర్లి వచ్చిన."

"ఆయన మొహం మీకు బాగా తెలుసా?"

"యాడ తెలుసు? కిరాయికి మాట్లాడిన దినం కరెంటు లేకుండె. చీకట్ల మాట్లాడుకున్నం. మొకం కానరాలే. గొంతు మాత్రం మస్తుగుండె, రేడియోల వార్తలు చదివినట్టు."

నేను వెళ్లాను. ముందు గదిలో అడుగు పెట్టగానే ఎదురుగా ఆయన, అంటే ఫొటో. గంధపు దండ, కింద అగరుబత్తీల స్టాండు, పైన చిన్న ఎర్ర బల్బు. ఆ ముఖంలో ఎంత ప్రశాంతత ఉందంటే, బతికుండగా ఎవరికీ అది సాధ్యం కాదనిపించింది. (మా ఆఫీసులోనైతే అసలే కాదు.) చెప్పులు గుమ్మం బయటే విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ తెచ్చిచ్చింది. ఆవిడ ముఖాన రూపాయంత బొట్టు ఉంది గానీ, ఈ రోజుల్లో చదువుకున్నవాళ్లు బొట్టు తీయడం మానేశారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అనుమానించడమే నా ఉద్యోగం. అయినా సరిగ్గా అవసరమైన చోట నా అనుమానం పనిచేయలేదు.

"ఎలా జరిగిందండీ?" అన్నాను గొంతు తగ్గించి.

ఆవిడ ఫొటో వైపు చూసి కాస్త ఆలోచించింది. "ఏది బాబూ? ఈ మధ్యదా? మెట్ల మీంచి తోసేశారు. అంతకు ముందు గుండెపోటు. దసరాకి వచ్చినదాంట్లో ఏమైందో వాళ్లూ చెప్పలేదు, మొదటి సీనుకే పోయి ఉన్నారు."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. అంతలో ఫొటోలోని పెద్దమనిషి భుజాన తువ్వాలు, చేతిలో గోంగూర కట్టతో పెరటి వైపు నుంచి వచ్చి, "ఎవరే?" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. గౌరవంతో కాదు. కాళ్లే లేచాయి.

సంగతేమిటంటే, ఆయన వృత్తే అది. సినిమాల్లో హీరో తండ్రి, హీరోయిన్ తండ్రి, తాత, ధర్మాత్ముడైన జమీందారు, వీళ్లంతా కథ మొదలయ్యే నాటికి పోయి ఉంటారు కదా, గోడ మీద దండతో వేలాడే ఆ ఫొటో ఈయన. కళ్లనీళ్లు పెట్టుకుని హీరో ప్రమాణం చేసేది ఈయన ముందే. మనిషిగా తెర మీద ఎన్నడూ కనిపించలేదు. వీధిలో అందరూ ఆయన్ని ఫొటో బాబాయి అనేవారు, నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను.

"ఇంట్లో ఆ దండ ఎందుకు బాబాయ్, తీసేయొచ్చుగా?"

"తీస్తే వేషాలు పోతాయి బాబూ. ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడనుకో, నన్ను చూసి ఏం చేసుకుంటాడు? దండలో ఎలా ఉంటానో చూడాలి. అందరికీ నప్పదది. పోయినవాడు మరీ నవ్వాడనుకో, హాల్లో జనం నవ్వుతారు. మరీ దిగులుగా ఉన్నాడనుకో, కొడుకు మీద కోపంగా ఉన్నాడనుకుంటారు. అంతా క్షమించేసినట్టుండాలి." అంటూనే క్షమించేసి చూపించాడు. నాకు చిన్నప్పటి తప్పులన్నీ మాఫీ అయినట్టనిపించింది.

నేను వచ్చిన పని చెప్పాను. బాబాయి కింద కూర్చుని గోంగూర తుంచడం మొదలుపెట్టాడు. తర్వాత ఆయన, "నా పేరెక్కడుందో ఓసారి చూపించండి" అన్నాడు. చూపించాను. అచ్చు అలికినట్టున్న ఆ పేరు మీద గోంగూర తడి వేలు ఆనించాడు.

"మద్రాసులో ఉన్నన్నాళ్లూ అక్కడి జాబితాలో ఉండేది. వచ్చేశామని తీసేశారు. టైటిల్స్‌లో ఎన్నడూ పడలేదు. ఫొటోకి పేరేమిటి అంటారు, అదీ న్యాయమే. నా పేరు అచ్చులో ఉన్నది ఇక్కడొక్కటే బాబూ."

ఆవిడ మాత్రం నన్ను క్షమించలేదు. "మనిషి ఎదురుగా కూర్చుని గోంగూర తుంచుతుంటే కూడా తీసేస్తారా? ఏం ఉద్యోగం బాబూ నీది? ఇంట్లో మీ అమ్మకి తెలుసా?"

తెలియదని ఒప్పుకున్నాను. తీయనివ్వనని మాటిచ్చాను. ఆఫీసుకెళ్లి, మనిషి బతికే ఉన్నాడని ఎర్రసిరా సారుకు చెప్పాను. ఓనరును పిలిపిస్తే ఆయన జాలిగా నవ్వాడు.

"ఆయన తమ్ముడై ఉంటడు సార్. నేను గూడ చూసిన, దూరంకెల్లి. మొకం గట్లనే ఉంటది. బతికున్నోడు ఎవడన్న తన ఫొటోకు తానే దండ ఏస్కుంటడా?"

ఆ ప్రశ్నకు ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే జవాబు. ఒక్క ఫిల్మ్‌నగర్‌లో తప్ప. మర్నాడు ఫొటో బాబాయి రుజువులతో వచ్చాడు. రేషన్ కార్డు మీద పేరుంది, ముఖం లేదు. చంకలో పెట్టుకొచ్చిన ఫొటో మీద ముఖముంది, పేరు లేదు. పైగా తొందరలో దండ తీయడం మరిచాడు. ఎర్రసిరా సారు ఫొటోను టేబుల్ మీద నిలబెట్టి, అటూ ఇటూ చూసి, "పోలికైతే ఉన్నది. అన్నదమ్ములకు గూడ ఉంటది" అన్నాడు. విచారణ శుక్రవారానికి పెట్టాడు. అదే ఆఖరు రోజు. ఓనరూ, బాబాయీ ఇద్దరూ రావాలి, బాబాయి రాకపోతే పేరు కొట్టేస్తాడు.

శుక్రవారం అనగానే ఫొటో బాబాయి ముఖం పాలిపోయింది. బయటికొచ్చాక చెప్పాడు. శుక్రవారం షూటింగుంది. ఆయన జీవితంలో మొదటిసారి డైలాగున్న వేషం. మంచం మీద పడుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని, "బాబూ, చెల్లెలు జాగ్రత్త" అని పోవాలి. పోయాక ఎలాగూ ఫొటోనే. (ఆ డైలాగు నేనైతే ఇంకా బాగా రాసేవాణ్ని. అడిగినవాళ్లు లేరు.)

"అటు వెళ్తే పేరు పోతుంది. ఇటొస్తే మాట పోతుంది. ఏం చేయమంటారు బాబూ?"

నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. ఎర్రసిరా సారు దగ్గరికెళ్లి, విచారణ ఆ షూటింగు దగ్గరే జరపకూడదా అని అడిగాను. రూలు ఒప్పుకోదన్నాడు. హీరోయిన్ కూడా వస్తుందట సార్ అన్నాను. ఎర్ర పెన్ను మూత పెట్టేశాడు. "రూలు ప్రకారం మనమే పోయి చూడొచ్చు. చూసుడు మన డ్యూటీ" అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే ఎర్రసిరా సారు ఇస్త్రీ చొక్కాతో, ఓనరు ఆయన స్కూటరు వెనక కూర్చుని, నేను చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి నడిచి, ముగ్గురం కొండెక్కాం. మళ్లీ ఆ పొగ. అందులో బండలు ఏనుగుల్లా మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాయి. మధ్యలో నేను తలుపు తట్టిన పెంకుటింటి గోడే ఉంది, ఇప్పుడు దాని వెనక ఒక గది మొలిచింది, గదిలో మంచం, మంచం మీద ఫొటో బాబాయి, పక్కన ఏడవడానికి సిద్ధంగా హీరోయిన్. పట్టపగలే దీపాలు వెలిగించారు. ఆ వెలుగులో మొత్తం కొండ నిద్రలో నడుస్తున్నట్టుంది. సెట్టు బయట స్టూలు మీద పెద్దావిడ, కొంగు నోట్లో కుక్కుకుని.

కెమెరా తిరిగింది. హీరో చెయ్యి పట్టుకున్నాడు. ఫొటో బాబాయి కెమెరా వైపు చూశాడు. అంతే. ఇన్నేళ్ల అలవాటు ముఖమంతా పాకింది. తల రవ్వంత పైకెత్తి, ప్రశాంతంగా, అందరినీ క్షమించి, కదలకుండా ఉండిపోయాడు. మాట రాలేదు. మళ్లీ తీశారు, మళ్లీ క్షమించాడు. ఎన్నిసార్లు తీసినా క్షమిస్తూనే ఉన్నాడు. హీరోయిన్ ఏడ్చి ఏడ్చి నిజంగా అలసిపోయింది. డైరెక్టరు మంచివాడు, తిట్టలేదు. కుర్చీలోంచి లేచి నెమ్మదిగా అన్నాడు.

"పోనీలెండి. ముందే పోయారనుకుందాం. ఫొటో తెప్పించండి."

దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఫొటో బాబాయి మంచం మీదే లేచి కూర్చున్నాడు, మేకప్పు మీద చెమట కారుతూ. ఓనరు నా చెవిలో, "నేను చెప్పలే? సచ్చిపోయిండు" అన్నాడు, గెలిచినందుకు ఏమాత్రం సంతోషం లేకుండా. హీరోయిన్ వైపే చూస్తున్న ఎర్రసిరా సారుకు అప్పుడు డ్యూటీ గుర్తొచ్చింది. జాబితా తీసి, పెన్ను మూత తీసి, మంచం దగ్గరికి వెళ్లాడు.

"ఇగో పెద్దమనిషీ. ఇక్కడ కెమెరా గిమెరా ఏం లేదు. నువ్వెవరో నువ్వే చెప్పాలె. పేరేంది?"

ఫొటో బాబాయి తలెత్తి, జాబితా వైపు చూసి పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఏ మాటా మింగకుండా. ఆ గొంతు కొండకు తగిలి మెల్లగా తిరిగొచ్చింది. కేబుళ్లు చుడుతున్నవాళ్లు చుట్టడం ఆపేశారు. టీ గ్లాసు అందుకోబోయిన డైరెక్టరు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఈ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడుందని ఎవరూ అడగలేదు. గోడకు వేలాడుతూ ఉంది, అందరికీ తెలుసు.

ముందుగా తేరుకున్నది ఓనరు. "గొంతు గిదే సార్. చీకట్ల నాతోని కిరాయి మాట్లాడిన గొంతు. గీనే ఆయన. నా అభ్యంతరం వాపస్ తీస్కుంట." తర్వాత మంచం దగ్గరికెళ్లి, "మాఫ్ చెయ్యన్నా, దండ చూసి మోసపోయిన" అన్నాడు. ఫొటో బాబాయి అలవాటు కొద్దీ క్షమించాడు.

పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "ఆ ముక్క ఇందాకే అని ఉంటే భోజనాలకి పెందరాళే ఇంటికి పోయేవాళ్లం" అంది. ఎర్రసిరా సారు పెన్ను మూత పెట్టి, రిమార్కులు నన్ను రాయమన్నాడు. బండ మీద కూర్చుని రాశాను: "స్వయంగా చూడడమైనది. మాట కూడా వినడమైనది. బతికే ఉన్నారు."

తర్వాత నేను సినిమాలకేమీ రాయలేదు. ఫైళ్లు రాశాను, జవాబులకు జవాబులు రాశాను. ఇప్పటికీ టీవీలో పాత సినిమా వచ్చి, గోడ మీద ఆ ఫొటో కనిపించిందంటే చేతిలో పని ఆపేస్తాను. హీరో ప్రమాణం చేస్తుంటాడు, హీరోయిన్ ఏడుస్తుంటుంది, నేను మాత్రం ఆ గొంతు కోసం చూస్తుంటాను. ఆ పక్కనే ఎక్కడో, తెల్లచొక్కా జేబులో నీలంపెన్ను పెట్టుకుని, ఆకాశంలోకి తెరుచుకునే తలుపును నమ్మకంగా తడుతున్న కుర్రాడొకడు కనిపిస్తాడు. వాణ్ని చూస్తే నవ్వొస్తుంది. తట్టనీ అనిపిస్తుంది.

తుది జాబితా అచ్చయి వచ్చింది. ఫొటో బాబాయి పేరుంది, ఇంటి నంబరుంది. వయసు మాత్రం ఇరవై ఆరని పడింది. దాని సవరణకు వేరే ఫారం. ఆ ఫారాలు అయిపోయాయి, సోమవారం రమ్మన్నారు.