ఆంటీ నేర్చుకున్న జపాన్ పాట

మా సంగీతం టీచరు ఆంటీ పోయారు. ఆఫీసు పార్కింగ్‌లో కారు అద్దం మీది మంచు గీకుతుంటే అంకుల్ ఫోన్ చేసి, "మీ ఆంటీ వెళ్లిపోయిందమ్మా" అన్నారు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఇంకా గీకుతూనే ఉన్నాను.

మా ఊరు నోవైలో వాళ్లింటి బేస్‌మెంటే మా క్లాసు. "ముందు విను, తర్వాత నోరు తెరువు" అనేవారు. కీర్తనలు తప్ప ఇంకో పాట ఆ ఇంట్లో మోగనిచ్చేవారు కాదు. నాదేమో బొంగురు గొంతు. అందరూ పాడే శ్రుతి అందేది కాదు. ఒక శనివారం, మానేస్తానని చెబుదామనే వెళ్లాను.

అప్పుడే నా ఫోన్‌లో ఓ పాట మోగింది. ఇద్దరు జపాన్ గాయనులు కలిసి పాడిన పాట అది. ఆఫీసులో జపాన్ స్నేహితురాలు పంపింది.

"ఆపు, ఆపు! ఆ రెండో అమ్మాయి శ్రుతి తప్పింది. ఎవరూ చూసుకోలేదా?"

"తప్పలేదాంటీ. కావాలనే కింది స్వరంలో పాడుతోంది. ఇలా రెండు స్వరాలు కలిపి పాడితే హార్మనీ అంటారు."

మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ మళ్లీ పెట్టమన్నారు. కాఫీ చల్లారిపోయింది.

"ఎవరి దారిన వాళ్లు పోతూ కూడా కలిసే ఉన్నారే! ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒళ్లెలా జలదరిస్తోందో చూడు" అని చెయ్యి చాపారు. నిజంగానే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నా సంగతి చెబితే, "మానెయ్యడమేంటి, నీ మొహం! ఆ కింది గొంతు నీదే. పైది నేను పాడతా" అన్నారు.

అన్నారు గానీ, జీవితమంతా అందర్నీ ఒకే స్వరం మీదికి చేర్చిన మనిషి! రెండో లైనుకల్లా నా స్వరంలోకి వచ్చి పడేవారు. "ఛ! నీ గొంతు లాగేస్తోందే. ఇంకోసారి" అంటూ చెవిలో వేలు పెట్టుకుని పాడేవారు. అంత విద్వత్తు ఉన్నావిడ, ఆ జపాన్ మాటలకి నోరు తిరగక చిన్నపిల్లలా తంటాలు పడుతుంటే, అబ్బ, చూస్తూ ఉండిపోయేదాన్ని. క్యాన్సరొచ్చాక కూడా వదల్లేదు. "ఇది రాకుండా నేను పోను" అనేవారు.

చివరిసారి వెళ్లినప్పుడు మంచం మీదే ఉన్నారు. "పాడదామా?" అన్నారు. సన్నటి గొంతుతో అందుకున్నారు. ఈసారి జారలేదు. తన దారిలోనే నిలబడ్డారు. వింటుంటే నాకు ఏడుపు ఆగలేదు. నా స్వరం వదిలేసి ఆంటీ స్వరంలోకి వెళ్లిపోయాను.

ఆపుతారనుకున్నాను. ఆపలేదు. కళ్లు తెరవకుండానే, నేను వదిలేసిన కింది స్వరంలోకి దిగి అక్కణ్ణుంచి పాడారు. నాకు ఎన్నడూ అందని ఆ పై శ్రుతిలో నేనున్నాను. కింద ఆంటీ ఉన్నారు.