ఫిర్యాదులు: లేవు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, మృగశిర కార్తె వెళ్లిపోతుండగా, నన్ను మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి దగ్గరి విద్యుత్ ప్లాంటుకు ఎస్టేట్ ఆఫీసరుగా బదిలీ చేశారు. నా సొంతూరు జనగామ. సొంతూరు, పాత పోస్టింగు, కొత్త పోస్టింగు మూడూ ఒకే రోజున జిల్లా కేంద్రాలయ్యాయి. ప్రమోషన్ రానిది నాకొక్కడికే.

ఎస్టేట్ ఆఫీసరంటే భూములు కొలిచేవాడని చాలామంది అనుకుంటారు. మా పని సిబ్బందికి క్వార్టర్లు కేటాయించడం, వాటిలో నీళ్లు రానప్పుడు తిట్లు తినడం. హోదాలో ఇంజనీర్లకు ఒక మెట్టు కింద, ప్లంబరుకు ఒక మెట్టు పైన ఉంటాం. పైపు పగిలిన రోజు ప్లంబరే పైన.

నేను చేరేనాటికి కొత్త యూనిట్ టర్బైన్ బిగింపు చివరి దశలో ఉంది. యంత్రం తయారు చేసిన కంపెనీ తరఫున ఒక విదేశీ ఇంజనీరు ఇక్కడే మకాం పెట్టి, సింక్రనైజేషన్ దాకా నడిపించాలి. అంటే కొత్త జనరేటరును మొదటిసారి గ్రిడ్డుతో కలపడం. దానికి ఆరేడు నెలలు పడుతుంది. మొదట వచ్చిన ఇంజనీరు ఇరవై రెండు రోజులకే వెళ్లిపోయాడు. ఆయన రాసిపెట్టి వెళ్లిన ఉత్తరాన్ని చీఫ్ ఇంజనీరు నా ముందుకు తోశారు. ఇక్కడి మనుషులు చాలా మంచివాళ్లని, అందుకే ఉండలేకపోతున్నానని దాని సారాంశం. దారి పొడవునా సెల్ఫీలు, ముక్కూ మొహం తెలియని వాళ్ల ఇళ్లలో మూడు పెళ్లిళ్లు, తలుపు తట్టకుండా వచ్చి ఫ్రిజ్ తెరిచి చూసిన పెద్దమనుషులు, చెయ్యి అడ్డం పెట్టినా విస్తట్లో పడుతూనే ఉన్న మటన్. అన్నీ తేదీలతో సహా రాశాడు. రెండో ఇంజనీరు కూడా ఇలాగే వెళితే, అదే బండిలో నా సామాను కూడా వెళ్తుందని చీఫ్ ఇంజనీరు చాలా మర్యాదగా చెప్పారు.

రెండో ఆయన పేరు టోమాష్. చెక్ దేశస్తుడు. వెంట భార్య హానా కూడా వచ్చింది. ప్లాంటు టౌన్‌షిప్పులో క్వార్టర్లు పూర్తికాలేదు కాబట్టి ఊళ్లోనే మల్లేశం అనే రిటైరైన గని కార్మికుడు తన ఇంటి పక్కనే కట్టిన రెండో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. విదేశీయుడికి ఇల్లిచ్చిన యజమాని ఇరవై నాలుగు గంటల్లోగా ‘ఫారం సి’ అనే పత్రం ద్వారా పోలీసులకు తెలియజేయాలి. ఆ ఫారమ్ మొత్తంలో మల్లేశానికి జవాబు తెలిసిన ప్రశ్న ఒక్కటే, ఇంటి నంబరు. అదీ తప్పు చెప్పాడు. ఆలస్యమైతే ఏమవుతుందని అడిగాడు. జైలు అన్నాను. నవ్వుతాడనుకున్నాను. అతను నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంటి వైపు చూడాలన్నా నన్ను అడిగేవాడు.

నాకు నిద్ర పట్టని ఆ వారంలోనే ఒక ఆలోచన వచ్చింది. నిద్ర పట్టనప్పుడు వచ్చే ఆలోచనలను అమలు చేయకూడదని సర్వీసు రూల్సులో ఎక్కడా లేదు. వాళ్లు దిగే ముందురోజు సాయంత్రం వీధివాళ్లందరినీ మల్లేశం అరుగు దగ్గరికి పిలిచి నాలుగు నిబంధనలు చదివాను. ఆ ఇంట్లోకి పోకూడదు. తినేవి పంపకూడదు. ప్రశ్నలు అడగకూడదు. ఫోటోలు తీయకూడదు.

ఎదురింటి వీరమ్మవ్వ మొదట నోరు తెరిచింది. కురవి వైపు నుంచి కోడలిగా వచ్చి, ఆ వీధిలోనే ముసలిదై, వీధి మొత్తానికీ పెద్దదిక్కయిన మనిషి.

“వాళ్లు మనుషులేనా సారు, గాజు బొమ్మలా?”

“మనుషులే అవ్వా. కొంచెం దూరం కావాలి వాళ్లకు.”

“దూరం కావాల్నంటె గింత దూరం ఎందుకొచ్చిండ్రు మరి?”

వీధి నవ్వింది. నేను మళ్లీ మొదటి నిబంధన నుంచి చదివాను.

“సరె తియ్. పానం మీదికొస్తె?” అంది అవ్వ.

“నాకు ఫోన్ చేయాలి.”

“నువ్వు దవాఖానల డాక్టరువా?”

నా ఫోన్ నంబరు రాసి మల్లేశం ఇంటి క్యాలెండరుకు గుచ్చి వచ్చేశాను.

ఆ వీధి నా ఆదేశాలను పాటించినట్టు నా సర్వీసులో ఏ సిబ్బందీ పాటించలేదు. హానా గేటు తీస్తే అరుగుల మీది మాటలు ఆగిపోయేవి. ఆమె నడిస్తే జనం పక్కకు తప్పుకునేవారు. నవ్వితే తలలు దించుకునేవారు. నేను ప్రతి సోమవారం చీఫ్ ఇంజనీరుకు సంక్షేమ నివేదిక పంపాలి. నీరు, కరెంటు, భోజనం, భద్రత, చివర్లో ఫిర్యాదులు అనే గడి. అయిదు వారాలు వరుసగా ‘ఫిర్యాదులు: లేవు’ అని రాశాను. అక్షరాలు వారం వారం గుండ్రంగా తిరిగాయి.

హానా మాత్రం తన వంతు ప్రయత్నం చేసింది. కూరగాయల అంగడిలో వేళ్లతో లెక్క చెప్పడం నేర్చుకుంది. పెరుగు తోడు వేసింది. విద్యుత్ ప్లాంటు పక్క ఊళ్లో కరెంటెందుకు పోతుందని నన్నొకసారి అడిగింది; ప్లాంటులో ఎవరికీ తెలియదని నిజమే చెప్పాను. బోరు మోటారు వేసి బయట నిలబడి, ఇంటి పైనున్న ట్యాంకు నిండే చప్పుడు విని, ఒక్క చుక్క కింద పడకముందే స్విచ్ ఆపేసేది. ఆ వీధిలో అందరి ట్యాంకులూ పొర్లేవి. ఆమెది ఒక్కరోజూ పొర్లలేదు. దీని మీద వీధిలో పెద్ద చర్చే జరిగేదని నాకు తర్వాత తెలిసింది. ఆమెతో తప్ప అందరితోనూ జరిగింది.

ఆరో వారం గ్యాస్ సిలిండరు పని మీద వెళితే, హానా నన్ను కూర్చోబెట్టి, ఇంగ్లిషులో మాటలు వెతుక్కుంటూ, తాము ఏం తప్పు చేశామని అడిగింది. తమ ఊళ్లో జైలుకెళ్లి వచ్చిన మనిషితో ఇరుగుపొరుగు ఇలా ఉంటారట. నెలాఖరుకు తాను వెళ్లిపోతున్నానని, టికెట్టు తీసుకున్నానని చెప్పింది. ఆమె వెళితే తానూ బదులు మనిషిని పంపమని అడుగుతానని టోమాష్ అప్పటికే సైట్లో అన్నాడట.

నిబంధనల మాట అక్కడే చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పలేదు. వీధివాళ్లకు మీరంటే గౌరవం అన్నాను. ఆ సోమవారం నివేదికలో ‘సర్దుకుంటున్నారు’ అని అదనంగా రాశాను. ఆ మాట రాస్తుంటే పెన్ను ఆగి ఆగి రాసింది. రీఫిల్ అయిపోవచ్చిందనుకున్నాను.

మరుసటి వారం, పాత ఆఫీసులో నా ఛార్జి అప్పగింత పత్రాల మీద ఒక సంతకం మిగిలిపోయిందంటే మహబూబాబాద్ వెళ్లి, పొద్దున్నే జీపులో తిరుగుప్రయాణమయ్యాను. ముసురు పట్టింది. గంగారం దాకా వస్తే అడవి మొదలవుతుంది, ఫోన్ సిగ్నల్ పోతుంది. అది మామూలే. ఆ రోజు ఎందుకో ఫోను తీసి చూస్తూనే ఉన్నాను. టికెట్టు తేదీకి ఇంకా తొమ్మిది రోజులుంది. చీఫ్ ఇంజనీరుకు ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఏ వాక్యంలోనూ నేను లేకుండా కుదరడం లేదు.

అడవి దాటగానే ఫోను ఒక్కసారిగా మోగింది. మల్లేశం నుంచి పదకొండు మిస్డ్ కాల్స్.

“సారూ, ఎక్కడున్నరు? ట్యాంకి పొర్లుతుంది సారు. గంటకు పైనాయె. బట్టలు వానల్నే ఉన్నయి. గామె బైటికి రాలే.”

“లోపలికి వెళ్లి చూడలేదా?”

“మీరు అద్దంటిరి గద సారు.”

నలభై ఏళ్లు గనిలో బండలు పడుతుంటే పనిచేసిన మనిషి, నా కాగితానికి భయపడి తన ఇంటి తలుపు తాను తీయలేదు. నేను అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు కానీ జీపు డ్రైవరు బండి ఆపేశాడు.

“ఆగుండ్రి సారు,” అన్నాడు మల్లేశం, గొంతు తగ్గించి. “వీరమ్మవ్వ లోపటికి పోయింది. ఇందాకనే పోయింది. మీకు చెప్పద్దన్నది.”

అవ్వ వెనక తలుపు గడియ తన్ని లోపలికి వెళ్లింది. హానా బాత్రూము గడప దగ్గర పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. నీరసంగా ఉందంతే అని పొద్దున భర్తకు చెప్పి పంపించిందట. మోటారు వేసి, ఆపడానికి లేచి, పడిపోయింది. అవ్వ కేకలకు వీధంతా కదిలి ఆటోలో దవాఖానకు చేర్చారు. నేను టర్బైన్ హాలు షిఫ్టు ఆఫీసుకు ఫోన్ చేసి టోమాష్‌ను పంపమన్నాను. ఆ మిగతా దారి ఎంతసేపు పట్టిందో లాగ్‌బుక్కులో ఉంటుంది. నన్నడిగితే నాలుగు రోజులంటాను.

డెంగీ. మొదటి రెండు రోజులు ప్లేట్‌లెట్లు పడిపోతూ వచ్చాయి. తీసుకురావడం ఆలస్యమెందుకైందని డాక్టరు అడిగారు. వాన, రోడ్డు అన్నాను. పక్కనే నిలబడ్డ వీరమ్మవ్వ నా మొహం చూసింది. డాక్టరు వెళ్లాక అంది:

“తప్పు రోడ్డు మీద పెట్టకు సారు. నేను గేటు కాడ గంట నిలవడ్డ. కాలు లోపల వెడుదునా, అద్దా అని. నా ఉమర్‌ల ఎవ్వరింటి ముంగట గట్ల నిలవడలె.”

మూడోరోజు లెక్క పెరగడం మొదలైంది. నాలుగోరోజు నేను హానా మంచం పక్కన కూర్చుని నిబంధనల కాగితం తీసి, నాలుగూ ఇంగ్లిషులో చదివి వినిపించాను. టోమాష్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆమె ఆ కాగితం అందుకుని, తాను చదవలేని ఆ అక్షరాలను చూసింది. తర్వాత, అయితే వాళ్లకు నేనంటే అసహ్యం లేదా అని అడిగింది. లేదన్నాను. మరి ఇన్నాళ్లూ మీరెందుకు చెప్పలేదు అంది. నివేదిక బాగుండటానికి అన్నాను. నా సర్వీసులో నేను ఒక అధికారిక ప్రశ్నకు ఇచ్చిన అతి చిన్న జవాబు అదే. ఆమె నవ్వలేదు. క్షమించానని కూడా అనలేదు. ఆ నిబంధనలు మీరు పెట్టిన చోటనే తీసేయండి అని మాత్రం అంది.

ఆమెను డిశ్చార్జి చేసిన సాయంత్రం మళ్లీ అదే అరుగు మీద నిలబడ్డాను. రద్దు ఉత్తర్వును పద్ధతి ప్రకారం రాసుకుని వెళ్లాను: ఇంతకుముందు జారీ చేసిన ఆదేశాలను ఇందుమూలంగా... అంతవరకే వచ్చింది. వీరమ్మవ్వ గిన్నె పట్టుకుని నా ముందుకొచ్చింది.

“కాయిదం తర్వాత సదువు గని, జర పక్కకు జరుగు సారు. పులుసు సల్లారుతుంది.”

జరిగాను. ఆమె వెనక గిన్నెలతో ఇంకో ఏడుగురున్నారు.

టికెట్టు తేదీ వచ్చింది, పోయింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మొదటి ఇంజనీరు రాసిన బాధల్లో సగం హానాకూ వచ్చాయి. తెలియని వాళ్ల పెళ్లిళ్లు, మటన్, ఫ్రిజ్ తలుపు. పొద్దున్నే తలుపు కొట్టవద్దని వాళ్లకు ఆమే చెప్పింది. వాళ్లు కొందరు విన్నారు, కొందరు వినలేదు. సింక్రనైజేషన్ అనుకున్న దానికంటే రెండు నెలలు ఆలస్యమైంది. కారణం యంత్రంలోనే ఉంది, మనుషుల్లో కాదు. అప్పటిదాకా ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు.

తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఇంటి నుంచి ‘ఫిర్యాదులు: లేవు’ అని వచ్చినా స్వయంగా వెళ్లి చూసేవాణ్ని. ఫిర్యాదు లేకపోవడానికి రెండే కారణాలు: అంతా బాగుండటం, చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం. కాగితం మీద రెండూ ఒకలాగే ఉంటాయి. అందుకని కొత్తగా దిగినవాళ్ల ఫారమ్‌లో ఒక గడి చేర్చాను: పక్కింటివాళ్ల పేర్లు. వారం తర్వాత కూడా అది ఖాళీగా ఉంటే, తాళంచెవి ఇచ్చినా సరే, నా రిజిస్టరులో ఆ కేటాయింపు పూర్తికానట్టే.