కోఠి నుంచి ఆమె తెచ్చింది

పిలిచినప్పుడల్లా ఒక ఇంటికి వెళ్లి భోంచేసి వస్తున్నాను. ఇన్నేళ్లుగా. ఆ ఇంటి పెద్దావిడ చావు నా వల్ల జరిగింది. ఆ సంగతి వాళ్లకు తెలియదు. నింద ఇంకొకరి మీద ఉంది. ఆమే నాకు వడ్డిస్తుంది. "ఇంకొంచెం పప్పు వేసుకోన్రి అన్నా" అంటుంది. వేయించుకుంటాను. తింటాను. ఆ అన్నం గొంతు దిగడం ఎలా అలవాటైందో నాకే తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి చెప్పానంటే చెప్పాను, కానీ ఆయనతో ఒక సుఖం ఉంది, తిరిగి ప్రశ్నించడు. మీరు ప్రశ్నిస్తారేమోనని భయంగా ఉంది. అయినా సరే, వినండి.

నేను నగరపాలక ఉద్యోగిని. పెద్ద హోదా కాదు గానీ జీపు, డ్రైవరు, వెనక నలుగురు మనుషులు ఉండే హోదా. కరోనా రెండో వేవ్ వేసవిలో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సందుల్లో రోగం వచ్చిన ఇళ్లను చూసుకునే పని నాది. ఎవరికైనా వచ్చిందంటే ఆ తలుపు మీద కాగితం అంటించడం, చుట్టుపక్కల మందు చల్లించడం, దగ్గర ఇళ్లలో ముసలివాళ్లుంటే వెళ్లి జాగ్రత్తలు చెప్పడం. నాకు కాస్త నోరెక్కువ. నారాయణగూడ చౌరస్తాలో పండ్ల బండి ఆయన ఒకరు మాస్కు ముక్కు కిందికి దించుకుంటే, అందరిలో నిలబెట్టి కడిగేశాను. ఇంకోసారి నీ ముక్కు నా కంటపడితే బండి ఎత్తించేస్తానన్నాను. జనం నవ్వారు. ఆ నవ్వు నాకు బాగానే అనిపించింది.

ఆ రోజుల్లో ప్రతి అపార్ట్‌మెంట్ గేటు దగ్గరా వాచ్‌మన్ చేతిలో జ్వరం చూసే మిషన్ ఉండేది, నుదుటికి గురిపెట్టి చూసేది. పాలవాడికి పెట్టేవారు. పనిమనిషికి పెట్టేవారు. ఫ్లాట్ ఓనర్లకు కూడా పెట్టేవారు. నాకు మాత్రం పెట్టేవారు కాదు. నేను జీపు దిగగానే మిషన్ దించేసి సలాం కొట్టేవారు. సార్ నుదుటికి గురిపెట్టడం మర్యాద కాదని వాళ్లనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. పెట్టమని నేనైనా ఒక్కసారి అడగలేదు. ఆ వారంలో ఒక్క వాచ్‌మన్‌కైనా మర్యాద తెలియకపోయి ఉంటే ఎంత బాగుండేది!

ఎందుకంటే ఆ వారం నాకు ఒళ్లు నొప్పులుగా ఉంది. సాయంత్రానికి కళ్లు మండేవి. ఎండలో తిరుగుతున్నాను కదా, ఎండ దెబ్బ అనుకున్నాను. పొద్దున్నే ఒక జ్వరం బిళ్ల వేసుకుని, గ్లాసుడు మజ్జిగ తాగి బయల్దేరేవాణ్ని. ఎండ దెబ్బని నిజంగా నమ్మానా? నమ్మాననే అంటాను. కానీ ఆ పండ్ల బండి ఆయన వచ్చి ఇవే నొప్పులు చెప్పుకుని ఎండ దెబ్బ సార్ అని ఉంటే నేను ఒప్పుకునేవాణ్నా? గదమాయించి అప్పటికప్పుడు పరీక్షకు తోలి ఉండేవాణ్ని. మరి నా దగ్గరికి వచ్చేసరికి ఆ గదమాయింపు ఏమైంది?

ఆ వారం ఎన్ని గుమ్మాలు ఎక్కానో లెక్క లేదు. అశోక్‌నగర్‌లో పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టళ్లు, నారాయణగూడ దుకాణాలు, చిక్కడపల్లి పాత ఇళ్లు. మా డ్రైవరు మంచం పట్టి లేచాడు. ఇంకా ఎవరెవరు పట్టారో, ఎవరు లేచారో, ఎవరు లేవలేదో నాకెప్పటికీ తెలియదు. తెలిసింది ఒక్క ఇంటి సంగతే.

అది అనసూయమ్మ గారి ఇల్లు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి మొదట కిరాయికి దిగింది చిక్కడపల్లిలో వాళ్ల పైవాటాలోనే. నా చిన్నతనం సగం ఆవిడ వంటింట్లో గడిచింది. నా 'అండీ' వింటే ఆవిడకు నవ్వు. నా తల నెరిసిన తర్వాత కూడా "ఏం బిడ్డా, ఇంకా గదే అండీనా?" అని ఏడిపించేది. వయసు మీదపడి చెవులు పోయాయి. చెవి మిషన్ పెట్టుకుంటే తప్ప వినబడదు. ఇంట్లో కొడుకు, కోడలు సునీత, మనవరాలు. కొడుకు ఆఫీసు పని ఇంట్లోంచే చేస్తున్నాడు. రోగం భయంతో నెల రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ గడప దాటలేదు. కూరగాయలు సైతం గేటు దగ్గర సంచిలో వేయించుకుని, ఉప్పునీళ్లతో కడిగి లోపల పెట్టుకునేవారు. నన్ను మాత్రం లోపలికి రానిచ్చారు. జాగ్రత్తలు చెప్పడానికి వచ్చినవాణ్ని కదా.

వెనక సందులో ఒకరికి వచ్చిందని తెలిసి వెళ్లాను ఆ రోజు. మాస్కు వెనక నుంచి నేను చెబుతున్నది ఆవిడకు అర్థం కాలేదు. మిషన్‌లో సెల్లులు అయిపోయాయని, దుకాణాలు మూసి ఉండి దొరకడం లేదని సునీత చెప్పింది. ఆవిడ నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "జర గది తీసి మాట్లాడు బిడ్డా. మూతి కనవడకుంటే నాకేం సమజైతలేదు" అంది.

తీశాను.

ఏం చెప్పానో తెలుసా? జాగ్రత్తలే చెప్పాను. బయటివాళ్లనెవరినీ దగ్గరికి రానివ్వొద్దని, ఆవిడ మొహానికి జానెడు దూరంలో మొహం పెట్టి, గట్టిగా అరిచి చెప్పాను. ఒక్కో మాట విడదీసి, నోరంతా తెరిచి చెప్పాను. చాలా రోజులకు ఒక మాట అర్థమైనందుకు ఆవిడ మొహం వెలిగిపోయింది. పాత కబుర్లు ఎత్తింది. నేనూ కూర్చున్నాను. నియమం నియమమే అని ఊరంతా తిరిగేవాణ్ని, ఒక పెద్దావిడ కోసం దాన్ని పక్కన పెట్టానని నాలో నేనే మురిసిపోయాను. లేస్తూ సునీతతో అన్నాను, సెల్లులు కోఠిలో దొరుకుతాయి, ఫలానా సందులో దుకాణం ఉంది, పొద్దున లాక్‌డౌన్ సడలింపు ఇచ్చినప్పుడు వెళ్లి తెచ్చుకోమ్మా అని. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆమె కోఠికి వెళ్లింది నేను చెబితేనే.

మర్నాడు అన్నం ముందు కూర్చుంటే పులుసులో ఇంగువ ఎక్కువైందని నా భార్య నొచ్చుకుంది. నాకు ఏ వాసనా రాలేదు. పరీక్ష చేయించుకుంటే ఉందని తేలింది.

ఇంతవరకు జరిగింది తెలియక జరిగింది. ఇంతవరకే అయితే నేను మీ దగ్గరికి వచ్చేవాణ్ని కాదు.

మా ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నా కింద పనిచేసే అమ్మాయే. మాస్కు లేకుండా ఎవరెవరికి దగ్గరగా ఉన్నారని అందరినీ అడిగినట్టే నన్నూ బిడియపడుతూ అడిగింది. అనసూయమ్మ గారి పేరు నాలుక మీదే ఉంది. మా ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ లేరన్నాను. మీరు మాస్కు తీయరని మాకు తెలుసు సార్ అంటూ పెట్టేసింది.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోయేది కాదు. ఎవరూ శిక్షించేవారు కాదు. నవ్వుతారు, అంతే. పండ్ల బండి దగ్గర నవ్విన జనం ఈసారి నన్ను చూసి నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడ్డాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను ఈ ముక్క రాస్తుంటే. ఊరందరి తలుపుల మీద కాగితాలు అంటించినవాణ్ని, మా తలుపు మీద అంటించకుండా చూసుకున్నాను. నడుం నొప్పి అని చెప్పించి గదిలో పడుకున్నాను. సునీత నెంబరు నా ఫోన్‌లో ఉంది. అత్తగారిని కనిపెట్టుకుని ఉండమ్మా, ముందే పరీక్ష చేయించు అంటే చాలు. ఆ మాట అంటే, ఎందుకని ఆమె అడుగుతుంది. అందుకని అనలేదు.

మూడు నాలుగు రోజులకు అనసూయమ్మ గారే ఫోన్ చేశారు. సునీత ఆ పొద్దునే కోఠికి పోయి సెల్లులు తెచ్చిందట, ఇప్పుడు మంచిగా వినబడుతోందట, నా నడుం నొప్పి ఎలా ఉందని అడిగారు. ఆవిడకు వినబడనప్పుడు అరిచి అరిచి చెప్పాను. వినబడుతున్న రోజున తగ్గిందండీ అన్నాను. ఇంకా గదే అండీనా అని నవ్వి పెట్టేశారు.

ఆ మర్నాడే ఆవిడకు జ్వరం వచ్చింది. తర్వాత ఆయాసం. ఆసుపత్రిలో మంచం కోసం వాళ్లు పడిన పాట్లు ఆ వేసవిలో అందరూ పడినవే, మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మంచం దొరికింది గానీ మనిషి తిరిగి రాలేదు. చివరికి మొహం చూసుకోవడం కూడా కొడుక్కి దక్కలేదు.

నెల రోజులు గడప దాటని ఇల్లు. కోడలు ఒక్కసారి కోఠికి పోయింది, తెల్లారేసరికి అత్తకు జ్వరం. ఇంకేం కావాలి? ఆడపడుచు ఫోన్‌లోనే శాపనార్థాలు పెట్టింది. భర్త చాలాకాలం భార్యతో సరిగా మాట్లాడనే లేదు. సునీతకు ఏ జ్వరమూ రాలేదు. అదీ ఆమె తప్పే అయింది. తనకేం కాకుండా తెచ్చి ముసలిదానికి అంటించిందన్నారు.

నిన్న అంటుకుని ఇవాళ జ్వరం రాదు. ఆ రోగానికి అంతకంటే ఎక్కువ వ్యవధి కావాలి. ఊరందరికీ అది చెప్పడమే నా ఉద్యోగం. గుమ్మం గుమ్మానా తిరిగి చెప్పినవాణ్ని, ఆ ఒక్క గుమ్మంలో చెప్పలేదు. చెబితే, మరి అంతకుముందు ఎవరొచ్చారని లెక్క వేసుకుంటారు. అంతకుముందు వచ్చింది ఎవరు?

నాకు తగ్గాక పరామర్శకు వెళ్లాను. తిరిగి వస్తుంటే సునీత మెట్ల దాకా వచ్చింది. మనిషి సగమైపోయింది.

"అన్నా, ఒక్కటి అడుగుత. మీరు గీ డిపార్ట్‌మెంట్‌లనే ఉన్నరు, మీకు తెలుస్తది. అత్తమ్మకు నేనే తెచ్చిన్నా?"

నా దగ్గర ఒక్క మాట ఉంది. కాదు. రెండక్షరాలు. దాని వెనక ఇంకో మాట రావాలి కాబట్టి ఆ రెండక్షరాలూ అనలేకపోయాను.

"ఎవరి వల్ల వచ్చిందో ఎవరు మాత్రం చెప్పగలరమ్మా. అంతా మన ప్రాప్తం" అన్నాను.

"అంటే నేనే అంటరు. పోనీ తియ్యిన్రి. మీరన్న మొహం మీద అనకపోతిరి" అంది. లోపలికి వెళ్లిపోయింది.

నేనన్న ఆ మాట పెద్దమనిషి ఓదార్పులా ఉంది కదా? వినడానికి ఎంత బాగుంది! అందులో అబద్ధం కూడా లేదు. ఎవరి వల్లో రుజువు చేసేదెవరు? ఎన్నోసార్లు ఆ వాక్యాన్ని పట్టుకుని వేలాడాను. వెనక సందులోంచి వచ్చి ఉండొచ్చు, కూరగాయల సంచి మీద వచ్చి ఉండొచ్చు, నేనే అని ఏమిటి? అలా నాతో నేను వాదించి గెలిచిన రోజులున్నాయి. గెలిచిన రోజున కూడా వాళ్ల ఇంటి సందులోంచి వెళ్లలేక చుట్టు తిరిగి వెళ్లాను. నాకు తెలుసు. తెలియదని చెప్పుకోవడానికే అన్ని మాటలు కావలసి వచ్చాయి.

ప్రతి ఏడూ సంవత్సరీకానికి నన్ను పిలుస్తారు. అమ్మకు మీరంటే ప్రాణం అంటాడు కొడుకు. ఆడపడుచు వస్తుంది, ఆ కోఠి మాట ఏదో ఒక చోట దొర్లిస్తుంది. సునీత తల వంచుకుని వడ్డిస్తూ పోతుంది. నేను విస్తరిలోకి చూస్తూ కూర్చుంటాను.

మొన్న సునీత ఫోన్ చేసింది. కూతురు ఇంటర్‌కొచ్చింది, పుస్తకాలు కావాలట. "మీరు కోఠి దిక్కు పోతే జర తెస్తరా అన్నా? నేను పోను. అప్పటిసంది నా కాళ్లు అటు పోతలేవు" అంది. చిక్కడపల్లి నుంచి కోఠి ఎంత దూరమని! ఆ రోజు నుంచి ఆమె ఒక్కసారి కూడా వెళ్లలేదని అప్పుడు తెలిసింది నాకు. సరేనమ్మా అన్నాను.

వెళ్లాను. పుస్తకాలు కొన్నాను. తిరిగి వస్తుంటే, ఆనాడు నేను గుర్తులు చెప్పిన సందులో ఆ దుకాణం అలాగే ఉంది. అద్దం వెనక వేలి గోరంత సెల్లులు, అట్టకు అంటించి వరసగా ఉన్నాయి. ఏం కావాలి సార్ అన్నాడు దుకాణం ఆయన. ఏమీ వద్దన్నాను. అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. ఆయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

పుస్తకాలు సునీత చేతికిచ్చాను. నిజం నోటి దాకా వచ్చింది. ఆమె చాయ్ పెడతానంది, వద్దని వచ్చేశాను. పిరికితనం ఇంత ముదిరాక ఒక్క రోజులో పోతుందా? పోలేదు. ఆమెకు చెప్పగలుగుతానో లేదో మీకు మాటివ్వలేను. మీరు క్షమించాలనీ అడగడం లేదు, క్షమించే హక్కు మీది కాదు, ఆమెది. ఆమె కూడా క్షమించనక్కర్లేదు. నేను అనవలసిన ఒక వాక్యం ఉంది, ఇన్నేళ్లూ ఎక్కడా అనలేదు. ఇక్కడ అంటున్నాను.

సునీత కోఠి నుంచి తెచ్చింది చెవి మిషన్ సెల్లులు. అంతే. రోగం ఆ ఇంటికి తెచ్చింది నేను.