స్టేజీ గుడారానికి పెళ్లి ఝాలరు

ఎనిమిదో తరగతిలో లెక్కల పంతులు కోణాల పాఠం మొదలుపెట్టబోతున్నారని తెలిసి నేను బడి మానేశాను. ఇంట్లో చెప్పిన కారణాలు వేరే ఉన్నాయిగానీ అసలు సంగతి అదే. కోణాలు మాత్రం నన్ను వదల్లేదు. ఏళ్ల తరబడి వెతుక్కుంటూ వచ్చి, కిషన్‌బాగ్‌లో ఒక టెంట్ హౌస్ మేడ మీద నన్ను పట్టుకున్నాయి. ఇప్పుడు నా పని, ఆరుబయట పాట కచేరీల స్టేజీలకు గుడారాల రూపం గీయడం. పంతులుగారికి తెలిస్తే నవ్వి నవ్వి కింద పడతారు.

ఆ టెంట్ హౌస్ ఆపాది. మా గల్లీలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఆపాయే, అంటే అక్కే. ఆమె కన్నతండ్రి కూడా చివరి రోజుల్లో కూతుర్ని ఆపా అనే పిలిచేవాడు, సగం ముద్దుతో, సగం భయంతో. ఆయన పెళ్లిళ్లకు షామియానాలు వేసేవాడు. అంచులకు ఎర్రటి అర్ధచంద్రాలు కుట్టిన కుచ్చుల పట్టీ వేలాడేది. దాన్ని మేము ఝాలరు అంటాం. హుస్సేనీ ఆలంలో ఏ సందు మొదట్లో నిలబడి చూసినా, ఆ ఎరుపును బట్టి షామియానా ఎవరిదో జనం చెప్పేసేవారు.

ఆయన పోయాక ఆపా అదే పని చేసుకుంటూ హాయిగా ఉండవచ్చు. ఆమెకు హాయి పడదు.

"పెండ్లిల మన షామియానా కింద గూసున్నోళ్లు ఏం జూస్తరు మియా? బిర్యానీ జూస్తరు. తల పైకెత్తి మన పని జూసినోడు ఒక్కడన్న ఉన్నడా?" అంది ఒకరోజు.

"ఉన్నడు ఆపా. వాన పడ్డప్పుడు అందరు పైకే జూస్తరు," అన్నాను.

చేతిలో ఉన్న టేపు నా మీదికి విసిరింది. తర్వాత వారం తిరక్కుండానే స్టేజీ పని ఒకటి పట్టుకొచ్చింది. సంతోష్‌నగర్ అవతల ఒక మైదానంలో చలికాలం సంగీత ఉత్సవం. స్టేజీ మధ్యలోగానీ ముందుగానీ ఒక్క గుంజ కూడా కనబడకూడదన్నది వాళ్ల షరతు. గుడారం నచ్చితే ఇక ముందు స్టేజీలన్నీ ఆపాకే. నచ్చకపోతే ఇనుప ఫ్రేముల వాళ్లు తయారుగా ఉన్నారు, ఆపా మళ్లీ బిర్యానీ మీద నీడ పట్టాల్సిందే.

మా దగ్గర గుడారం పుట్టేది బనీనుతో. చెక్క పలక మీద నాలుగు పుల్లలు నిలబెట్టి, పాత బనీను గుడ్డను వాటి మీదికి లాగి, అంచులను మేకులకు కడతాం. బనీను సాగుతుంది కాబట్టి ఎక్కడ బిగువు ఎక్కువో, ఎక్కడ వదులో ఇట్టే చూపిస్తుంది. దాని మీద ముడత పడిందంటే రేపు అసలు గుడారం మీదా అక్కడే పడుతుంది, అక్కడే నీళ్లు నిలుస్తాయి. ఆ నెలలో నా బనీన్లన్నీ ఆ పలక మీదే అమరులయ్యాయి.

పుల్లలు నేను నిలబెడితే, ఆపా వంగి, ఒక కన్ను మూసి, బనీను అంచును చిటికెన వేలితో కొంచెం కిందికి లాగేది. అంతే, ముడత మాయం. ఎదురెదురు మూలలు రెండు పైకి, రెండు కిందికి లాగితే గుడ్డ గుర్రం జీనులాగా వంపు తిరిగింది. గుంజలన్నీ పక్కకూ వెనక్కూ పోయాయి, నడుమంతా ఖాళీ. ఆ వంపు చూసి నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లోవాళ్లు నమ్మరుగానీ, నిజంగానే రాలేదు.

"ఏంది మియా, నోరు పడిపోయిందా?" అంది ఆపా.

"నా బనీను ఇంత అందంగ ఉంటదని తెల్వదు ఆపా."

అసలు బట్టను పట్టీలుగా కోసి అతికించాం. అంచు చుట్టూ మడత కుట్టి, పైజామాలో నాడా దూర్చినట్టు అందులో గట్టి తాడు దూర్చాం. ఆ తాడు లాగితేనే గుడారం బిగుస్తుంది. ఇక ఆపా దగ్గర కుట్టు మెషీన్ల మీద పనిచేసే ఆడవాళ్లు చివరి అంచు కుట్టారు, కుట్టి, అదే ఊపులో ఝాలరు కూడా వేసేశారు. ఎవరూ వేయమనలేదు, ఎవరూ వద్దనలేదు. ఝాలరు లేని అంచు మా కళ్లకు బొట్టు మరిచిన ముఖంలా ఉంటుంది. పైగా అది ఆపా వాళ్ల నాన్న కత్తిరించిన అచ్చుతో చేసిన ఎర్ర అర్ధచంద్రాల ఝాలరు.

కచేరీ రోజు పొద్దున గుడారం లేపాం. మైదానంలో పని చేస్తున్నవాళ్లంతా చీపుళ్లు, వైర్లు వదిలేసి చూశారు. తలలు పైకెత్తి మరీ చూశారు. ఆపా కొంగు సర్దుకుంది.

అప్పుడు సౌండ్ ఇంజనీరు వచ్చాడు. నా ఈడువాడు, రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు. మెడలో హెడ్‌ఫోన్లు.

"మేడమ్, టెంట్ మస్తుంది. గని పాట షురూ గాకముందే చప్పట్లు గొడ్తుంది," అన్నాడు.

"మంచిదే గదన్నా, జనం రాకున్నా ఫికర్ లేదు," అన్నాను.

అతను నవ్వలేదు. గాలి వచ్చినప్పుడల్లా అంచున ఝాలరు పటపటమని కొట్టుకుంటోంది. కింద కూర్చుంటే అది మనకు వినబడదు. మైకులకు మాత్రం అదే ముందు వినబడుతోంది. మొదటి కచేరీ సారంగిది. ఐదింటిలోపు ఆ చప్పుడు ఆగకపోతే కార్యక్రమాన్ని పక్కనున్న హాల్లోకి మారుస్తామని నిర్వాహకులు అప్పటికే అనేశారట.

నేను వాదించడానికి చొక్కా చేతులు మడిచాను. ఆపా నన్ను పక్కకు జరిపి, అతని ముందు చెయ్యి చాపింది.

"గవి ఇటియ్యి భాయ్. నేను ఇంట."

హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. గాలి వచ్చింది. ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"హౌ, నువ్వు చెప్పింది కరెక్టే. గీ లొల్లి మాదే."

ఆ ఒక్క మాట అనడానికి నాకైతే అరపూట పట్టేది, అందులో సగం అతని మైకులను తిట్టడానికే సరిపోయేది.

ఝాలరు కోసేయడానికి వీల్లేదు. అదీ, నాడా దూరిన మడతా ఒకే కుట్టులో ఉన్నాయి. ఒకటి విప్పినా, కుట్టు పక్కన కోసినా పోగులూడి రెండోది విడిపోయి గుడారమే జారిపోతుంది. ఆపా అంచు కింద నిలబడి కాసేపు ఝాలరును వేళ్ల మధ్య నలిపింది. తర్వాత దాన్ని లోపలి వైపుకు, పైకి మడిచి పట్టుకుంది. అలాగే నిలబడి, కుట్టుపని ఆడవాళ్లకు ఫోన్ చేసింది.

"దబ్బనాలన్ని తీసుకొని రాండ్రి. అసర్ నమాజ్ లోపల అయిపోవాలె."

ఒకే ఆటోలో ఎంతమంది పడతారో నాకు ఆ రోజే తెలిసింది. దిగుతూనే స్టేజీ మీద వరసగా కూర్చున్నారు. మేము తాడు వదులు చేస్తే అంచు వాళ్ల ఒళ్లోకి దిగింది. దబ్బనం మడత వరకే దిగాలి, పైకప్పుకు చిల్లు పడకూడదు. మొదటి అర్ధచంద్రాన్ని ఆపానే మడిచి కుట్టింది. తండ్రి గుర్తును తన చేత్తో దాచేస్తున్న మనిషి ముఖంలో నేను ఏదో వెతికాను. కుట్టు తిన్నగా పడుతోందా లేదా అన్నది తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

"ఆపా, పెండ్లిపిల్ల ముసుగు ఎనక్కి ఏస్తున్నట్టుంది," అందొక ఆమె.

"హౌ. దుల్హా ఎవరో తెలుసా? గా సౌండాయన. నిద్ర మొఖపోడు."

స్టేజీ అంతా నవ్వులు. ఈసారి ఇంజనీరు కూడా నవ్వాడు, నవ్వి అందరికీ చాయ్ తెప్పించాడు.

ఐదు కాకముందే, మసీదు నుంచి అసర్ అజాన్ వినబడేసరికి చివరి ముడి పడింది. తాడు బిగించాం. గుడారం మళ్లీ జీనులా వంపు తిరిగింది. ఈసారి అంచు ఎక్కడా ఏమీ లేకుండా, కత్తితో గీసినట్టు ఉంది. సారంగి ఆయన వచ్చి మైకు ముందు కూర్చున్నాడు. ఇంజనీరు విన్నాడు, బొటనవేలు పైకెత్తాడు.

"అయిపోయింది మేడమ్. ఇక్కడ్నే చేద్దాం."

"గాలి లేనప్పుడు ఇని అయిపోయిందంటే ఎట్ల భాయ్? ఇటియ్యి."

హెడ్‌ఫోన్లు లాక్కుని ఆపా స్టేజీ ముందు మట్టిలో నిలబడింది. నిర్వాహకులు గడియారాలు చూసుకున్నారు. సారంగి ఆయన తీగల మీద ఆడించే కమాను గాలిలోనే ఆపి, ఆమె వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ తొందర చేయడానికి సాహసించలేదు.

మైదానం చివర దుమ్ము లేచింది. అది మా వైపుకు వచ్చింది, మా చొక్కాలు ఎగిరాయి, ఆపా కొంగు ఎగిరింది. గుడారం అంచు కదల్లేదు.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఇంజనీరు చేతిలో పెట్టింది.

"ఇగ వాయించమను."