ఒకే నంబరున్న రెండు టికెట్లు

విశాఖలో ఆదివారం పెద్ద మ్యాచ్ పడిందంటే నాకు వారం ముందు నుంచే దిగులు పట్టుకునేది. ఆట గురించి కాదు, టికెట్ గురించి. నేను గాజువాకలో ఒక మందుల షాపులో పనిచేస్తాను. మా ఆయన నాకు మేనబావ, ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు వెల్డరు. ఇద్దరికీ కలిసి సెలవు దొరికేది ఆదివారమే, అదీ ఆయనకి షిఫ్టు పడకపోతే. కాలేజీ రోజుల్లో నేను జిల్లా జట్టుకి బౌలింగ్ చేశాను. పెళ్ళయ్యాక బంతి పట్టుకోలేదు. ఆడవాళ్ళ అంతర్జాతీయ మ్యాచ్ ఒక్కటైనా టీవీలో కాకుండా స్టాండులో కూర్చుని చూడాలన్న కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది.

మా చేతికందే ధరలో టికెట్లు ఎప్పుడూ దొరికేవి కావు. ఫోనులో అమ్మకం మొదలైన కాసేపటికే చౌక స్టాండ్లన్నీ అమ్ముడైపోయినట్టు బూడిద రంగులోకి మారిపోయేవి. ఆ ఏడు మధురవాడ స్టేడియంలో ఆడవాళ్ళ మ్యాచ్ అని తెలిసినప్పుడు, షాపులో కౌంటరు కింద ఫోను పెట్టుకుని, ఒక పెద్దాయనకి బీపీ మాత్రలు తీసిస్తూనే తెర నొక్కుతూ కూర్చున్నాను. నా ముందు వేలమంది ఉన్నారని చూపించింది. నా వంతు వచ్చేసరికి మిగిలినవి పెవిలియన్ పక్క సీట్లు. ఒక్కొక్కటి మా ఇంటద్దెలో సగం. ఫోను పక్కన పెట్టేసరికి ఆ పెద్దాయన మళ్ళీ మెట్లెక్కుతూ కనిపించాడు. మాత్రలు రెండు పట్టీలు అడిగితే ఒకటే ఇచ్చానట.

శుక్రవారం మా ఆయన ఒక వాట్సాప్ గ్రూపు చూపించాడు. ఎవరో ఊరెళ్ళాల్సి వచ్చిందని రెండు టికెట్లు అమ్ముతున్నారు. అన్నిటికన్నా చౌక స్టాండువి, అసలు ధర మీద కొంచెమే ఎక్కువ. నాకు అనుమానం వచ్చింది. కానీ ఆ అనుమానాన్ని పైకి అనలేదు. అంటే ఆయన మానేస్తాడని తెలుసు.

శనివారం సాయంత్రం గాజువాక జంక్షన్‌లో ఆ మనిషిని కలిసి, టికెట్లు తీసుకుని, అటునుంచి అటే నైట్ షిఫ్టుకి వెళ్ళిపోయాడు. ఆదివారం పొద్దున్న వచ్చి నిద్రపోయాడు. మధ్యాహ్నం బస్సెక్కాక, చూపించమని అడిగితే చొక్కా జేబు మీద చెయ్యేసి, "గేటు కాడ తీద్దాం. సెమటకి తడిసిపోతాయి," అన్నాడు.

స్టేడియం ముందు లైను రోడ్డు దాకా ఉంది. పైన ఎండ, కింద తారు. లైను సగం కదిలాక ఆయన కవరు తీసి నా చేతికిచ్చాడు. దళసరి కాగితం, రంగులు, బార్‌కోడు, అన్నీ బాగానే ఉన్నాయి. వరస చూశాను, సీటు నంబరు చూశాను. రెండోది చూశాను. మళ్ళీ మొదటిది చూశాను.

"బావా, రెండిట్లోనూ సీటు నంబరు ఒకటే ఉందేటి?"

"ఏదీ?" అని లాక్కుని చూశాడు. "ప్రింటింగులో తప్పు పడుంటాదిలే."

"ఆడికి ఫోన్ సెయ్."

చేశాడు. స్విచ్చాఫ్. మళ్ళీ చేశాడు. మూడోసారి చేస్తూ నావైపు చూడకుండా, "ఎనక్కెల్లిపోదామా?" అన్నాడు.

అప్పుడు ఔననాల్సింది. లోపల మైకులో జట్ల పేర్లు చదువుతున్నారు. వెనకనుంచి ఎవరో, "కదలండమ్మా!" అని తోశారు. నేను ఒక టికెట్ తీసుకుని ఆయనకన్నా ముందు నడిచాను.

స్కాన్ చేసే అతను నా టికెట్ మీద మిషను పెట్టాడు. పచ్చ లైటు. ఇనప చక్రం తిరిగింది, నేను అవతల పడ్డాను. నా వెనకే ఆయనది పెట్టాడు. ఎర్ర లైటు, పొడుగాటి కూత.

"ఇది అయిపోయింది సార్. ఈ నంబరు మీద ఒకరు లోపలికి వెళ్ళిపోయారు."

ఆ ఒకరు నేనే. కమ్మీల సందులోంచి ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేను వెనక్కి ఒక అడుగు వేశాను. ఆయన చెయ్యి విసిరాడు.

"నువ్వెల్లే. నాను బైట ఉంటాను. ఎల్లు!"

వెళ్ళాను. మెట్లెక్కి పైకొచ్చేసరికి ఎదురుగా అంత పచ్చదనం ఒక్కసారి కనిపించి కాళ్ళు ఆగిపోయాయి. నా సీటు దొరికింది. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. ఆయన ఎక్కడ నిలబడ్డాడో, ఏం తిన్నాడో అనుకుంటూనే బౌలరు పరుగు మొదలుపెట్టగానే అన్నీ మరిచిపోయాను. బంతి వదిలేముందు మణికట్టు ఎలా బిగుస్తుందో అంత దూరం నుంచి కూడా నాకు తెలుస్తోంది. నా కుడిచెయ్యి ఒళ్ళో తనంతట తనే తిరుగుతోంది.

మూడో ఓవరు నడుస్తుండగా మెట్ల మీద కానిస్టేబుల్ కనిపించాడు. పక్కన యాభై దాటిన ఒక ఆడమనిషి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది, చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన టికెట్. వరసల నంబర్లు చదువుకుంటూ ఎక్కుతున్నారు. నా వరస దగ్గర ఆగారు. ఇక చూడక్కర్లేదు, నాకు తెలిసిపోయింది.

"మేడమ్, మీ టికెట్ ఒకసారి చూపిస్తారా? ఈమెది గేటు దగ్గర ఆగిపోయింది. ఈ సీటుకి ముందే ఎవరో వచ్చేశారంటోంది మిషను."

ఇచ్చాను. రెండూ పక్కపక్కన పెట్టి, ఎండకి ఎత్తి చూశాడు. ఆయనకి తేడా తెలియలేదు. నన్ను చూశాడు, నా చుడీదారు చూశాడు, మెడలో అలవాటుకొద్దీ వేసుకొచ్చిన షాపు గుర్తింపు కార్డు తాడు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"నీకు ఇదెవరిచ్చారు?"

"ఎవులిత్తారు బాబూ? కౌంటర్ కాడ ఆడోళ్ళ లైన్లో నిలబడి కొనుక్కున్నాను. యారాడ నుంచి తెల్లారకముందే వొచ్చి నాలుగ్గంటలు నిలబడ్డాను. ఆ యేళ సేపల యాపారం కూడా మానుకున్నాను."

"అందరూ అదే మాట చెప్తారు," అని మళ్ళీ నావైపు వంగి, గొంతు మెత్తగా చేసి, "మీరు ఆన్‌లైన్‌లో తీసుకున్నారా మేడమ్?" అని అడిగాడు.

నేను తలూపాను.

నోరు తెరిచి అబద్ధం చెప్పలేదు. తలూపానంతే. కానీ ఆయనకి అది చాలు. "పద, కిందికి పద, అక్కడ మాట్లాడదాం," అని ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. వెనక వరసలోంచి ఎవరో, "అడ్డం తప్పుకోండి, పంపించెయ్యండి సార్ ఆమెని," అని అరిచారు. ఆమె వాళ్ళెవర్నీ పట్టించుకోలేదు. నన్నే చూసింది.

"ఏటమ్మా, అది నిజంగా నీదేనా?"

బంతి ఎటో వెళ్ళింది, జనం గోలపెట్టారు. ఆమె ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు దిగుతుంటే నేను లేచి నిలబడ్డాను. షాపులో, ఆఫీసుల్లో మాట్లాడే భాష అప్పుడు నోటికి రాలేదు.

"సార్, ఆయమ్మదే అసలుది. నాది దొంగది. నాకు గేటు కాడే తెలుసు."

కానిస్టేబుల్ ఆమె చెయ్యి వదిలేశాడు.

"తెలిసే కూకున్నావా?" అంది ఆమె. "తెలిసే తలూపినావా?"

నేను మళ్ళీ తలూపాను.

"మా తమ్ముడు టికెట్టు ఫొటో తీసి స్టేటస్‌లో ఎట్టాడు, మాయప్ప మేచ్‌కెల్తంది అని. అది సూసి ఎవుడో నకలు సేసుంటాడు. ఆడు దొంగనాకొడుకు, సరే. మరి నిన్నేటనాల?"

నేను పక్కకి జరిగాను. ఆమె నా ముందునుంచి వెళ్ళి కూర్చుంది. సీటుకి రెండు పక్కలా చేతులు ఆనించి, ఇక ఎవరూ లేపలేరన్నట్టు కూర్చుంది. నేను కానిస్టేబుల్ వెనక మెట్లు దిగబోతుంటే వెనకనుంచి పిలిచింది.

"ఇదిగో! ఎన్ని ఓవర్లయినాయి?"

"మూడోది."

"వికెట్ పడిందా?"

"లేదు."

"అయితే ఏటీ పోలేదు," అని మైదానం వైపు తిరిగిపోయింది.

గేటు పక్కన పోలీసు టెంటులో మా ఆయన అప్పటికే నిలబడి ఉన్నాడు. తన టికెట్ ఎక్కడిదని అడగడానికి తీసుకొచ్చారట. లోపల ఉన్న ఎస్సై మా ఇద్దర్నీ చెరో పక్కన నిలబెట్టి విడివిడిగా అడిగాడు. ఎక్కడ కొన్నారు, ఎవడు, ఎలా ఉంటాడు. మీరే ప్రింటు తీసి ఇంకెంతమందికి అమ్మారు అని కూడా అడిగాడు. ఆ మాటకి మా ఆయన గబగబా ఫోను తీయడం నాకు ఇటునుంచి కనిపించింది. గ్రూపు తెరిచి చూపిద్దామంటే, అందులోంచి ఆయన్ని తీసేశారు. పాత మెసేజీలు మిగిలాయి గనక బతికాం. వాటిని ఫొటోలు తీసుకుని, మా పేర్లూ నంబర్లూ రాయించుకుని, ఆ రెండు కాగితాలూ ఉంచేసుకుని వదిలిపెట్టారు. అప్పటికి మొదటి జట్టు ఆట సగం దాటింది. ఆ అమ్మినవాడు దొరికాడో లేదో మాకు ఎవరూ చెప్పలేదు.

రోడ్డు మీదకొచ్చాక ఆయన సోడా కొనిచ్చాడు. నేను తాగకుండా పట్టుకుని జరిగిందంతా చెప్పాను. తలూపడం కూడా చెప్పాను.

"ఊరుకో," అన్నాడు. "ఆకరికి సెప్పీసినావు గదా."

"ఆయమ్మ రెండు మెట్లు దిగింది బావా. అంతదాకా సెప్పలేదు."

ఆయన నాతో పాటు రెండు బస్సులు వదిలేసి అక్కడే నిలబడ్డాడు. లోపల జనం అరిచిన ప్రతిసారీ ఇద్దరం గోడ వైపు చూశాం.

తర్వాత ఏడాది మళ్ళీ ఆడవాళ్ళ మ్యాచ్ పడింది. ఫోను జోలికి పోలేదు. షాపుకి సెలవు పెట్టి, చీకటుండగానే మొదటి బస్సెక్కి, కౌంటరు దగ్గర ఆడవాళ్ళ లైన్లో నిలబడ్డాను. లైను చిన్నదే. అలాంటిదొకటి ఉందని ఆ ముందటేడు దాకా నాకు తెలియనే తెలియదు. ఎండెక్కేసరికి రెండు టికెట్లు, రెండు వేర్వేరు నంబర్లతో, నా చేతిలో ఉన్నాయి. ఆదివారం ఇద్దరం పక్కపక్కన కూర్చుని మ్యాచ్ మొత్తం చూశాం. మా ఆయన గొంతు పోయేదాకా అరిచాడు. నేనూ అరిచాను. మధ్యలో ఒకసారి ఎవరో కానిస్టేబుల్ ఊరికే మెట్లెక్కి వచ్చాడు. ఆయన మా వరస దాటి వెళ్ళిపోయేదాకా నేను టికెట్ తీసి చేత్తో పట్టుకునే ఉన్నాను.